గెలిచినవారు తప్పుకునే పోటీ: సౌతాంప్టన్ ఓల్డ్ గ్రీన్ ‘నైట్‌హుడ్’ చరిత్ర, పద్ధతి

మీరు మూడు విషయాలు అడిగారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌లో 1776 నుంచి నడుస్తున్న లాన్ బౌల్స్ (పచ్చిక మీద బంతులు దొర్లించి ఒక లక్ష్యానికి దగ్గరగా చేర్చే ఆట) పోటీని ప్రపంచంలోకెల్లా పాతదని చెప్పడం సబబేనా అన్నది మొదటిది. అందులో ఒకసారి గెలిచినవారు మళ్లీ ఎన్నడూ పోటీ చేయకూడదన్న నియమం ఎందుకు ఉందన్నది రెండోది. ఆ పద్ధతిని మీ క్లబ్బు తన వార్షిక పోటీకి వాడుకోవచ్చా అన్నది మూడోది. చాలా ఏళ్లుగా బౌల్స్ ఆడుతూ, క్లబ్బు పోటీలకు అంపైరుగా కొలతలు తీస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మిగతా రెండింటికీ దారి చూపిస్తుంది కాబట్టి ఎక్కువ భాగం దానికే కేటాయిస్తాను.

ముందుగా వయసు సంగతి. ఈ పోటీ గురించి మాట్లాడేటప్పుడు రెండు తేదీలు తరచూ కలగాపులగం అవుతుంటాయి. మొదటిది 1299, రెండోది 1776. మొదటిది మైదానానికి చెందిన తేదీ, రెండోది పోటీకి చెందినది. సౌతాంప్టన్ ఓల్డ్ బౌలింగ్ గ్రీన్ అనే ఈ పచ్చిక లోయర్ కెనాల్ వాక్, ప్లాట్‌ఫామ్ రోడ్ కలిసే మూలన, పాత నగర కోటగోడ దగ్గర ఉంది. పన్నెండో శతాబ్దం చివర్లో స్థాపించిన గాడ్స్ హౌస్ అనే ధర్మశాల, ఆ పేరుతోనే ఉన్న కోట బురుజు, రెండూ దాని పక్కనే ఉంటాయి. ధర్మశాల అధిపతికి చెందిన ఆవరణ కాలక్రమంలో ఆటస్థలమైందని, 1299 నాటికే అక్కడ బౌల్స్ ఆడేవారని ఆ ఊరి సంప్రదాయం. ఇప్పటికీ వాడుకలో ఉన్న బౌలింగ్ గ్రీన్లలో ఇదే అత్యంత పురాతనమని సాధారణంగా ఒప్పుకుంటారు.

అయితే 1299లో ఆడిన ఆటను నేటి లాన్ బౌల్స్‌గా ఊహించుకోకూడదు. ఆనాటి వారు ఒక గుర్తు వైపు బంతులు దొర్లించారు, అంతే. ఒక వైపుకు ఒరుగుతూ వంపు తిరిగే బౌల్, అంటే బయాస్ ఉన్న బౌల్, పదహారో శతాబ్దంలో గాని మనకు స్పష్టంగా కనిపించదు. లిగ్నమ్ వైటీ అనే అతి బరువైన కరీబియన్ కలప యూరపుకు రావడం మొదలైంది కూడా ఆ శతాబ్దంలోనే. ఇంగ్లండులో అనుభవజ్ఞులైన ఆటగాళ్లు బౌల్స్‌ను ఇప్పటికీ ‘వుడ్స్’ అని పిలవడం ఆ కలప కాలం నుంచి వచ్చిన అలవాటే. ఈ ఆట చరిత్రలో అందమైన కథలు చాలా ఉన్నాయి, వాటిని కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. 1588లో స్పెయిన్ నౌకాదళం వస్తోందని తెలిసినా ఫ్రాన్సిస్ డ్రేక్ ప్లిమత్‌లో బౌల్స్ ఆట ముగించే దాకా కదలలేదని చెప్పుకునే కథలో, ఆయన నోట పెట్టిన ఆ ప్రసిద్ధ వాక్యం అచ్చులో కనబడింది సంఘటన జరిగిన ఒక శతాబ్దానికి పైగా గడిచాకే.

పోటీ వయసు విషయంలో ఇంత తికమక లేదు. 1776 ఆగస్టు 1న ఆ పచ్చిక మీద ‘నైట్‌హుడ్’ (ఇంగ్లండులో రాజు ఇచ్చే ‘నైట్’ బిరుదు) పేరుతో తొలి పోటీ జరిగింది. నేటికీ ప్రతి ఆగస్టులోనూ జరిపే ఆనవాయితీ ఉంది. బౌల్స్‌లో ఇంత పాత పోటీ మరొకటి లేదన్న మాటను నేను నిస్సంకోచంగా సమర్థిస్తాను, ఎందుకంటే ఈ ఆటలో మనం పాతవిగా భావించే వ్యవస్థలన్నీ దాని తర్వాత వచ్చినవే. గ్లాస్గోకు చెందిన డబ్ల్యూ. డబ్ల్యూ. మిచెల్ ఒకే రకమైన నియమావళిని కూర్చింది 1848–49లో. స్కాటిష్ బౌలింగ్ అసోసియేషన్ ఏర్పడింది 1892లో. క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ. జి. గ్రేస్ తొలి అధ్యక్షుడిగా ఇంగ్లిష్ బౌలింగ్ అసోసియేషన్ పుట్టింది 1903లో. చివరికి ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నది సైతం 1830లోనే. అంటే ఈ పోటీ మొదలైన తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా ఆ పచ్చికను కొడవళ్లతోనే కోసి, రోలర్లతో చదును చేసి ఉండాలి. పాత రోజుల్లో ఆటగాళ్లు వంపు కంటే గడ్డి గరుకుదనంతోనే ఎక్కువ పోరాడవలసి వచ్చేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ పోటీ ఎటువంటి ఊళ్లో, ఎటువంటి చట్టం నీడలో పుట్టిందో తెలిస్తే దానికి నైట్‌హుడ్ అన్న పేరు ఎందుకు నప్పిందో బోధపడుతుంది. 1750లో వేల్స్ యువరాజు ఫ్రెడరిక్ అక్కడి సముద్రంలో స్నానం చేసిన తరువాత సౌతాంప్టన్ సంపన్నులు ఆరోగ్యం కోసం, వినోదం కోసం వచ్చే స్పా పట్టణంగా మారింది. మరోవైపు ఎనిమిదో హెన్రీ కాలపు 1541 నాటి చట్టం ఇంకా పుస్తకాల్లో బతికే ఉంది. విలువిద్య సాధన దెబ్బతింటుందన్న కారణంతో చేతివృత్తులవారు, కూలీలు, సేవకులు, అప్రెంటిస్‌లు క్రిస్మస్ రోజుల్లో తప్ప బౌల్స్ ఆడకూడదని, అప్పుడైనా యజమాని ఇంట్లోనో ఆయన ఎదుటనో ఆడాలని ఆ చట్టం నిషేధించింది. ఏడాదికి 100 పౌండ్ల ఆదాయమిచ్చే భూమి ఉన్నవారు మాత్రం తమ సొంత స్థలంలో ఆడించడానికి అనుమతి పొందవచ్చు. ఈ నిషేధం 1845 వరకు రద్దు కాలేదు. అమలు ఏనాడో సడలిపోయినా, కాగితం మీద బౌల్స్ పెద్దమనుషుల ఆటగానే మిగిలిన ఆ రోజుల్లో, పోటీదారులను ‘జెంటిల్మన్ కామనర్లు’ అనీ విజేతను ‘నైట్’ అనీ పిలవడంలో వింత ఏమీ లేదు. ఆ పిలుపులు కాలం మారినా అలాగే ఉండిపోయాయి. గెలిచినవారిని ఆ పచ్చిక మీద ‘సర్’ అని సంబోధిస్తారు. ఇది రాజు ఇచ్చే బిరుదు కాదని, ఓల్డ్ గ్రీన్ హద్దుల్లో మాత్రమే చెల్లే గౌరవమని గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు ఆట జరిగే తీరు. మామూలు సింగిల్స్‌లో ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు, ఒక్కొక్కరికి నాలుగు బౌల్స్ ఉంటాయి, సాధారణంగా 21 పాయింట్లకు ఆట ముగుస్తుంది. నైట్‌హుడ్‌లో జతలు లేవు, ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా లేదు, క్వార్టర్ ఫైనల్ సెమీ ఫైనల్ లేవు. దిగినవారంతా ఒకే లక్ష్యం మీద ఆడతారు. నైట్లు, అంటే గత విజేతలు, జాక్‌ను, అంటే లక్ష్యంగా ఉండే చిన్న తెల్ల బంతిని, పచ్చిక మీద తాము ఎంచుకున్న చోట ఒక పెన్నీ నాణెం మీద నిలుపుతారు. ప్రతి ఒక్కరికీ రెండు బౌల్స్. అందరూ వేశాక నైట్లు కొలిచి, అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఒక్క బౌల్ ఎవరిదో వారికి ఒక పాయింటు ఇస్తారు. ఆ తర్వాత నైట్లు జాక్‌ను మరో చోటికి మారుస్తారు, ఆట మళ్లీ మొదలవుతుంది. ఎవరు ముందుగా ఏడు పాయింట్లు తెచ్చుకుంటే వారే ఆ ఏటి నైట్. జాక్‌ను నిలిపినప్పటి నుంచి పాయింటు ఇచ్చే దాకా సాగే ఒక విడతను ఎండ్ అంటారు. ఎన్ని ఎండ్లలో ముగియాలన్న హద్దు లేకపోవడంతో పోటీ రోజుల తరబడి సాగుతుంది.

జాక్ కింద ఉండే ఆ నాణెం చూడటానికి అలంకారంలా కనిపిస్తుంది గాని ఆట స్వభావాన్నే మార్చేస్తుంది. సమతల పచ్చిక మీద ఆడే నేటి ఫ్లాట్ గ్రీన్ ఆట నియమాల ప్రకారం జాక్ కదిలే లక్ష్యం. దాన్ని మీ బౌల్‌తో కొట్టి వెనక ఉన్న మీ మరో బౌల్ దగ్గరికి నెట్టుకోవచ్చు, జాక్‌ను తాకిన బౌల్ పచ్చిక అంచున ఉండే కాలవలో పడినా ఆటలో నిలుస్తుంది. అందువల్లనే బలంగా కొట్టి గుంపును చెదరగొట్టే ‘డ్రైవ్’, జాక్‌ను వెంట తీసుకుపోయే ‘ట్రెయిల్’ వంటి షాట్లకు అంత విలువ వచ్చింది. నాణెం జాక్ స్థానాన్ని ఖాయం చేస్తుంది. లక్ష్యం ఎక్కడుందన్న దానిలో వాదానికి తావు ఉండదు, జాక్‌ను నెట్టి పైచేయి సాధించే తెలివికి గిరాకీ ఉండదు. మిగిలేది డ్రా షాట్ ఒక్కటే. సరైన బలంతో, సరైన వంపుతో, బౌల్‌ను దాని పరుగు అయిపోయే చోటనే ఆపగలగడం. బౌల్స్‌లో మొట్టమొదట నేర్పేది డ్రా షాటే, చివరిదాకా అంతు చిక్కనిదీ అదే అని నా అభిప్రాయం.

డ్రా షాట్ ఎందుకంత కష్టమో ఒకటి రెండు మాటలు చెప్పాలి. బౌల్ గుండ్రటి బంతి కాదు, దాని రెండు పక్కలూ సమానంగా ఉండవు. వేగంగా పోతున్నంతసేపు దాదాపు తిన్నగానే వెళ్లి, వేగం తగ్గేకొద్దీ లోపలికి ఒరుగుతుంది, ఆఖరి నాలుగైదు మీటర్లలో బాగా వంగుతుంది. కాబట్టి బలంలో పొరపాటు జరిగితే దూరంతో పాటు దిశ కూడా తప్పుతుంది. పచ్చిక వేగాన్ని బౌలర్లు సెకన్లలో చెబుతారు: చేతి నుంచి వదిలిన బౌల్ 27 మీటర్ల దూరంలో ఆగడానికి పట్టే సమయం అది. బ్రిటన్‌లో అది మామూలుగా 10 నుంచి 13 సెకన్లు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 14 నుంచి 18 దాకా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. సెకన్లు పెరిగితే పచ్చిక వేగంగా ఉన్నట్టు. బౌల్ మెల్లగా, ఎక్కువసేపు దొర్లి, ఎక్కువ వంపు తిరుగుతుంది. ఆగస్టు ఉదయం మంచు తడితో నెమ్మదిగా ఉన్న పచ్చికే మధ్యాహ్నం ఎండకు ఆరి రెండు సెకన్లు మారిపోవచ్చు. రోజంతా, కొన్ని రోజుల పాటు ఆడవలసిన పోటీలో ప్రతి గంటకూ చేతి బలాన్ని సరిచూసుకుంటూ పోవాలి, పైగా రెండే బౌల్స్ కనుక మొదటిది వేసి చూసి రెండోదాన్ని దిద్దుకునే అవకాశం ఒక్కసారే దొరుకుతుంది. నాలుగు బౌల్స్‌తో ఆడి అలవాటైనవారు ఇక్కడ ఎక్కువగా తడబడతారు.

కొలిచే పని కూడా దగ్గరగా చూడదగినదే. మామూలు సింగిల్స్‌లో ఇద్దరి బౌల్స్ మధ్య తేడా చూడాలి. ఇక్కడ పదీ పదిహేను మంది బౌల్స్‌లో అతి దగ్గరిది తేల్చాలి. జాక్‌కు చుట్టూ గుంపుగా బౌల్స్ చేరినప్పుడు కంటికి కనిపించేదాన్ని నమ్మితే మోసపోతాం, ఎందుకంటే నిలబడి పైనుంచి చూసే కోణంలో మనవైపు ఉన్న బౌల్ ఎప్పుడూ దగ్గరగా అనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, దారపు కొలబద్ద ఒక కొసను జాక్ పక్కన ఆనించి, రెండో కొసను బౌల్ పక్కకు తాకీ తాకనట్టు లాగి, అదే బిగువుతో రెండో బౌల్‌ను పోల్చాలి. వాలుగా నిలిచిన బౌల్ పడిపోయేలా ఉంటే కొలవడానికి ముందే దాని కింద చీలలు పెట్టాలి. జాక్ గాని బౌల్ గాని వేలు తగిలి కదిలితే ఆ ఎండ్ మీద అందరి నమ్మకం పోతుంది. టాప్ హ్యాటు, పొడవాటి కోటు, మెడలో పతకంతో ఆ నైట్లు పచ్చిక మీద వంగి కొలుస్తుంటే చూసేవారు దాన్ని వేడుకలో భాగం అనుకుంటారు. నిజానికి పోటీ మొత్తంలో అత్యంత సున్నితమైన పని అదే, ఆ పని చేసే చేతులన్నీ ఒకప్పుడు అదే పచ్చిక మీద ఏడు పాయింట్లు తెచ్చుకున్న చేతులే.

ఇక్కడికి వచ్చాక మీ రెండో ప్రశ్నకు జవాబు తేలికవుతుంది. గెలిచినవారు మళ్లీ పోటీ చేయకూడదు, ఎందుకంటే వారికి వేరే పని ఉంది. వారు నైట్ల బృందంలో చేరి, తర్వాతి పోటీలను నడుపుతారు, జాక్‌ను ఎక్కడ నిలపాలో నిర్ణయిస్తారు, కొలుస్తారు, తీర్పు చెబుతారు. అంటే ఈ పోటీ ప్రతి ఏటా తన అంపైరును తానే తయారు చేసుకుంటుంది. పోటీల చరిత్రను గమనిస్తే వాటిని ఆపేసేది ఎక్కువగా ఆటగాళ్ల కొరత కాదు, నడిపేవారి కొరత. ఉత్సాహంగా మొదలుపెట్టినవారు ముసలివారవుతారు, తరువాతివారు ఆడటానికే వస్తారు గాని నిర్వహణకు ముందుకు రారు, పోటీ ఒకటి రెండేళ్లు వాయిదా పడి తర్వాత కనుమరుగవుతుంది. నైట్‌హుడ్‌లో ఆ లోటు రాదు. ఆ పచ్చికను బాగా ఎరిగినవాడు, నెగ్గి తృప్తి పడినవాడు, ఇక ఏ ఆశా లేనివాడు ఏడాదికొకరు చొప్పున కాపలాకు చేరుతున్నారు. నిష్పాక్షికత కూడా అందులోనే ఉంది. మళ్లీ పోటీ చేసే హక్కు లేనివారికి ఎవరు గెలిచినా పోయేదేమీ లేదు కాబట్టి వారి తీర్పును ఎవరూ శంకించరు.

ఇదే ఆటలో దీనికి పూర్తిగా భిన్నమైన దారి నడిచిన ప్రాంతీయ పోటీలను పక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో, ముఖ్యంగా లాంకషైర్, యార్క్‌షైర్, చెషైర్‌లలో ఆడేది క్రౌన్ గ్రీన్ బౌల్స్. అక్కడి పచ్చిక సమతలంగా ఉండదు, మధ్యలో పాతిక ముప్పై సెంటీమీటర్ల వరకు ఉబ్బి అంచులకు వాలుతుంది, ఏ దిక్కుకైనా ఆడవచ్చు, జాక్‌కు కూడా బయాస్ ఉంటుంది. బ్లాక్‌పూల్‌లో టాల్బట్ హోటల్ పచ్చిక మీద 1873లో మొదలైన టాల్బట్ హ్యాండిక్యాప్ అనే పోటీ ఒక శతాబ్దం పాటు వెలిగి 1970లలో ఆగిపోయింది. అదే ఊళ్లో 1907లో మొదలైన వాటర్లూ హ్యాండిక్యాప్ నేటికీ ఉంది, క్రౌన్ గ్రీన్ ఆటగాళ్లకు అది అన్నిటికంటే పెద్ద గౌరవం. అక్కడ గెలిచినవారు మళ్లీ మళ్లీ రావచ్చు. బ్రయన్ డంకన్ ఐదుసార్లు గెలిచి ఆ పోటీకే మారుపేరయ్యాడు. వెయ్యికి పైగా ఆటగాళ్లు దిగిన సంవత్సరాలు, మెట్ల మీద కిక్కిరిసిన ప్రేక్షకులు, పందేలు, టెలివిజన్ ప్రసారాలు దాన్ని నిలబెట్టాయి. అది గొప్ప పోటీ, అందులో నాకు సందేహం లేదు. కానీ అటువంటి పోటీకి ఊపిరి బయటి నుంచి రావాలి: జనం రావాలి, ఆ స్థలం సొంతదారుకు గిట్టుబాటు కావాలి. ఇవి తగ్గితే ఎంత పేరున్న పోటీ అయినా బలహీనపడుతుంది. సౌతాంప్టన్‌ది చిన్న పోటీ, పెద్ద బహుమతి లేదు. అందుకే అది ఎవరి లాభనష్టాల మీదా ఆధారపడలేదు.

బౌల్స్ బయట కూడా ఈ సూత్రం పనిచేయడం చూస్తే నా అభిప్రాయం మరింత గట్టిపడింది. ఉత్తర ఇంగ్లండులో 1673 నుంచి నడుస్తున్న స్కోర్టన్ సిల్వర్ యారో విలువిద్య పోటీలో గెలిచిన విలుకాడు కెప్టెన్ అవుతాడు, తర్వాతి పోటీని ఏర్పాటు చేసే బాధ్యత ఆయనదే. లండన్‌లో థేమ్స్ నది మీద 1715 నుంచి జరుగుతున్న డాగెట్స్ కోట్ అండ్ బ్యాడ్జ్ పడవ పందెం శిష్యరికం ముగించిన కొత్త పడవవాళ్ల కోసం పెట్టినది, దాన్ని ఒకరు రెండోసారి గెలవరు. మూడూ వేర్వేరు ఆటలు, వేర్వేరు వర్గాల మనుషులు. మూడింటిలోనూ విజేత ఏటేటా కూర్చునే సింహాసనం లేదు. తరతరాలుగా ఒకే పేరు ఫలకం మీద కనిపించే చోట కొత్తవారు నిరుత్సాహపడతారు. ప్రతి ఏటా నిన్నటి అత్యుత్తముడు పక్కకు తప్పుకుంటాడని తెలిసిన చోట, పదేళ్లుగా ఓడిపోతున్నవారు కూడా పదకొండో ఏడు వస్తారు.

దీనికి ఒక నష్టం కూడా ఉంది. నైట్‌హుడ్ అత్యుత్తమ ఆటగాడెవరో చెప్పే పోటీ కాదు. 1966లో సిడ్నీలో తొలి ప్రపంచ సింగిల్స్ గెలిచి, మళ్లీ 1980లోనూ 1988లోనూ గెలిచిన డేవిడ్ బ్రయంట్ వంటివారి గొప్పతనం ఏళ్ల తరబడి అదే శిఖరాన్ని మళ్లీ మళ్లీ ఎక్కడంలోనే తెలుస్తుంది. అటువంటి గొప్పతనానికి సౌతాంప్టన్ పద్ధతిలో చోటు లేదు. ఒక ఎండ్‌లో దగ్గర బౌల్ ఒక్కటికే పాయింటు కనుక, రెండు, మూడు, నాలుగో స్థానాల్లో నిలకడగా ఉండే ఆటగాడికి ఫలితం సున్నా. నిలకడ కంటే అప్పుడప్పుడు అద్భుతంగా వేయగలిగేవారికే అది మేలు చేస్తుంది.

సరే, మీ క్లబ్బు విషయానికి వద్దాం. వాడుకోవచ్చు, కానీ కాలం ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోండి. పోటీ కనీసం ఏడు ఎండ్లలో ముగియవచ్చు, ఒకరే వరుసగా ఏడూ గెలిస్తే. గరిష్ఠం ఎంతో చూడండి: పన్నెండు మంది ఆడుతున్నారనుకుంటే, ప్రతి ఒక్కరూ ఆరు పాయింట్ల దగ్గర ఆగినా 72 ఎండ్లు అవుతాయి, 73వ ఎండ్‌లో ఎవరో ఒకరు ఏడుకు చేరక తప్పదు. ఇరవై మందికి ఆ హద్దు 121. వాస్తవంలో మంచి ఆటగాళ్లు ముగ్గురు నలుగురు పాయింట్లలో ఎక్కువ భాగం పంచుకుంటారు కాబట్టి అంత దూరం పోదు. అయినా పన్నెండు మందికి ఒక ఎండ్‌లో 24 బౌల్స్, ఒక్కోదానికి అర నిమిషం చొప్పున 12 నిమిషాలు, కొలతకూ జాక్ మార్పుకూ మరో మూడు నిమిషాలు, మొత్తం పావుగంట. నలభై ఎండ్లు సాగితే పది గంటలు. ఒక మధ్యాహ్నంలో ముగించాలనుకుంటే ఏడు పాయింట్లు పెట్టుకోకండి, మూడు చాలు. ఎనిమిది మందికి మించి ఉంటే రెండు రోజులు కేటాయించండి.

వేసే వరుసను ప్రతి ఎండ్‌కూ ఒక స్థానం జరపడం తప్పనిసరి అని నా సలహా. ముందు వేసేవారికి ఖాళీ పచ్చిక దొరుకుతుంది, చివర వేసేవారికి అడ్డంగా బౌల్స్ ఉంటాయి, బదులుగా పచ్చిక వేగం ఎలా ఉందో పదిమంది వేయగా చూసే లాభం ఉంటుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకరికే దక్కకూడదు. జాక్ కింద నాణెం పెట్టే నియమాన్ని అలాగే ఉంచండి, లేకపోతే బలంగా కొట్టేవారు ప్రతి ఎండ్‌నూ చెదరగొట్టి డ్రా వేసేవారి శ్రమను వృథా చేస్తారు. జాక్ కదిలినప్పుడు తిరిగి నాణెం మీదికి చేర్చే పని అంపైరుదే కావాలి, ఆటగాడు దాన్ని ముట్టకూడదు. జాక్‌ను నిలిపే చోటు కూడా ఆటగాళ్ల చేతికి వదలకండి. దగ్గరా దూరం, మూలలూ మధ్యా, అన్నీ వచ్చేలా అంపైర్లే మారుస్తూ ఉండాలి. అయితే 23 మీటర్ల కంటే దగ్గరగా పెట్టవద్దు, అంత తక్కువ దూరంలో వంపు అంచనా వేసే నైపుణ్యానికి పరీక్ష ఉండదు.

మొదటి ఏడాది మీకు నైట్లు ఉండరు కనుక, క్లబ్బులో కొలతలు బాగా తీయగల ఇద్దరిని ఆటకు బయట ఉంచి అంపైర్లుగా పెట్టుకోవాలి. రెండో ఏడు నుంచి విజేత వారితో చేరతాడు, మూడో ఏడుకు మీ చేతిలో ఇద్దరు విజేతలుంటారు. తొలి అంపైర్లు ఆ తర్వాత ఆడటానికి దిగవచ్చు. కోటు, టోపీ, బిరుదు పెట్టుకోవడం మీ ఇష్టం, అవి లేకపోయినా పద్ధతి నడుస్తుంది. గెలిచినవారు తర్వాతి ఏడు పోటీ రోజున హాజరై కొలతలు తీస్తారన్న షరతును మాత్రం నమోదు కాగితం మీదే రాసి, ఆడేవారందరి చేతా ముందుగానే సంతకం చేయించండి. గెలిచాక అడిగితే ఒప్పుకోవడం కష్టం, ఆడకముందు అడిగితే అందరూ ఒప్పుకుంటారు.